అమావాస్య వారంలో లెక్కపెట్టిన లారీలు

నా పెళ్ళి అమావాస్య నాడు జరిగింది. గృహప్రవేశం మూఢంలో చేశాను. ఉద్యోగంలో చేరిన రోజున రాహుకాలం ఎప్పుడో కనుక్కుని మరీ సరిగ్గా ఆ వేళకే సంతకం పెట్టాను. ఇల్లు నిలబడింది, కాపురం నిలబడింది, రోడ్ల శాఖలో ముప్ఫై ఏళ్ళ ఉద్యోగమూ నిలబడింది. అమావాస్య నాడు మొదలుపెట్టి చెడగొట్టిన పని నా జీవితంలో ఒక్కటే. అది కైకలూరు రోడ్డు మీద లారీల లెక్క. దానికి కారణం అమావాస్య కాదు, నేను.

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఇంజనీర్లతో మాట్లాడమని నన్ను పిలిచారు. ఒకమ్మాయి లేచి అడిగింది.

"సార్, బళ్ళన్నీ కరెంటువి అయిపోతే డీజిలు మీద పన్ను రాదు కదండీ. మరప్పుడు రోడ్లు ఎవరి డబ్బుతో వేస్తాం?"

హాల్లో అందరూ అది నిన్ననే పుట్టిన ప్రశ్న అన్నట్టు తలలూపారు. నాకు నవ్వొచ్చింది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలోనే కొల్లేటి అంచున ఆ ప్రశ్న మాకు ఎదురైంది. అక్కడ కరెంటుకు మారినవి బళ్ళు కావు, చెరువులకు నీళ్ళు తోడే ఇంజన్లు. ఆమెకు ఆ పూట సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నేను ఏలూరులో డిప్యూటీ ఇంజనీరును. కైకలూరు అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్నా, కొల్లేటి చుట్టు రోడ్లు మా ఆఫీసే చూసేది. కలిదిండి వైపు నుంచి కైకలూరు మీదుగా పెద్ద హైవే దాకా వచ్చే రోడ్డు మా పాలిట పుండు. కింద ఒండ్రు నేల, రెండు పక్కలా చెరువులు, మధ్యలో తారు పూసిన గట్టు. దాని మీద చేపల లారీలు, రొయ్యల లారీలు, మేత లారీలు, ఐసు లారీలు. బరువు ఒక దెబ్బ. పెట్టెల్లో ఐసు కరిగి దారి పొడుగునా కారే నీళ్ళు రెండో దెబ్బ. తారుకు నీళ్ళు పడవు. వానాకాలం నాలుగు నెలలే వాన, ఆ రోడ్డుకు మాత్రం ఏడాదంతా వానే.

గుంతలు పూడ్చమని ఊళ్ళవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. పూడ్చడానికి వచ్చే డబ్బు మాత్రం ఏటేటా సన్నబడుతోంది. అమ్ముడైన ప్రతి లీటరు పెట్రోలు, డీజిలు మీద కొంత రోడ్లకని తీసిపెడతారు. లారీలు పెరిగితే ఆ డబ్బూ పెరగాలి కదా అని నా లెక్క. ఎందుకు పెరగడం లేదో తెలుసుకుందామని ఒకరోజు పనిమీద తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడ రెండు తరాలుగా పెట్రోలు బంకు నడుపుతున్న ఒక వర్తకుణ్ణి అడిగాను.

"బళ్ళు పెరిగాయి కదండీ, మీకు బేరం పెరగలేదా?"

ఆయన నవ్వాడు. "బళ్ళు పెరిగితే నాకేంటండీ? ఇక్కడ అర ట్యాంకు కొట్టిస్తారు. రాష్ట్రం సరిహద్దు దాటాక పన్ను తక్కువున్న చోట ఫుల్లు కొట్టిస్తారు. రోడ్డు అరిగేది మీ దగ్గర, పన్ను పడేది ఇంకో దగ్గర."

"మరి చెరువుల మీద ఇంజన్లకి?"

"అదో వైభోగమండీ అప్పట్లో. డబ్బాలు పట్టుకుని పొద్దున్నే వరస కట్టేవారు. ఇప్పుడన్నీ కరెంటు మోటార్లే. డబ్బా పట్టుకుని వచ్చే మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో." చురక కూడా వేశాడు. "రోడ్డు డబ్బు డీజిల్లో ఉందనుకుని మీరు కూచున్నారు. డీజిలు వెళ్ళిపోయిందండీ."

ఆ మాట ఏలూరు వచ్చి మా పై అధికారి ఎస్.ఈ. గారికి చెప్పాను. ఆయన మితభాషి. ఒక కాగితం నా ముందుకు తోశారు. పైనుంచి వచ్చిన కొత్త పద్ధతి. అప్పు తెచ్చి రోడ్డు గట్టిగా వెయ్యాలి. గేటు పెట్టి బరువు బళ్ళ దగ్గర రుసుం తీసుకుని ఆ అప్పు తీర్చాలి. అయితే తగినన్ని బరువు బళ్ళు తిరుగుతున్నాయని తేలిన రోడ్డుకే ఆ యోగం. తేలకపోతే పాత గుంతలూ పాత ఏడుపూ.

"ఏడు రోజులు బళ్ళు లెక్కపెట్టించండి. మళ్ళీ మళ్ళీ అవకాశం రాదు," అన్నారాయన.

నాకు కుడిభుజం మా వర్క్ ఇన్‌స్పెక్టరు. నాకంటే పదేళ్ళు పెద్ద. రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచి, కింద కంకర కదిలిందో లేదో చెప్పగలిగిన మనిషి. ఆయనతో నాకున్న పేచీ ఒక్కటే, పంచాంగం. జేబులో టేపు ఎలా ఉండేదో చేతిసంచిలో పంచాంగం అలా ఉండేది. తారు పీపా మూత తియ్యడానికీ తిథి చూసేవాడు.

సోమవారం నుంచి లెక్క మొదలన్నాను.

"సోమవారం అమావాస్యండి," అన్నాడు నెమ్మదిగా. "ఒక్క వారం ఆగి మొదలెడదామండి."

నాకు కావలసింది అదే. చదువుకునే రోజుల్లో ఏలూరులో మాకొక చర్చా గోష్ఠి ఉండేది. వితంతు వివాహం, కులాంతర వివాహం, జాతకాలు, దిష్టిబొమ్మలు, వేటినీ వదిలేవాళ్ళం కాదు. ఆ మంట నాలో చల్లారలేదు. ఇన్‌స్పెక్టరు గారి మీద ఆ రోజు అరగంట ఉపన్యాసం కురిపించాను. చంద్రుడు భూమి చుట్టూ తిరిగితే లారీకి ఏమిటండీ? తిథి చూసి లోడెత్తుతారా? ఇరవయ్యొకటో శతాబ్దంలో ప్రభుత్వ ఆఫీసులో మాట్లాడాల్సిన మాటలేనా ఇవి?

"అది కాదండి, ఆ రోజుల్లో రొయ్య..." అన్నాడాయన మధ్యలో.

"రొయ్యకి కూడా పంచాంగం ఉందా?" అన్నాను. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వాడు.

"ఆయ్, మీ ఇష్టమండి," అని సంచి సర్దుకున్నాడు.

సోమవారమే మొదలుపెట్టాం. కైకలూరు దాటాక రోడ్డు పక్కన టార్పాలిన్ వేసి, మనుషుల్ని వంతులవారీగా కూచోబెట్టాం. లారీకో నిలువు గీత, అయిదోదానికి అడ్డ గీత. పద్ధతిలో ఒక్క లోపం లేదు. ఏ వంతులోనూ మనిషి తప్పిపోలేదు, ఏ కాగితంలోనూ కొట్టివేత లేదు. నేనే రోజుకు రెండుసార్లు వెళ్ళి చూశాను. ఏడు రోజుల తర్వాత కూడి చూస్తే మా రోడ్డు కొత్త పద్ధతి పెట్టిన హద్దుకు చాలా కింద ఉంది. ఆశ్చర్యమేసింది. అయినా అంకె అంకే కదా! సంతకం పెట్టి ఎస్.ఈ. గారికి పంపేశాను. రోడ్డు జాబితాలోంచి జారిపోతుందని బాధపడ్డాను. లెక్క నిజాయితీగా చేశానని గర్వపడ్డాను. ఆ గర్వం వయసు నాలుగు రోజులు.

కైకలూరులో ఐసు ఫ్యాక్టరీ ఉన్న ఒక సాయిబు గారు నన్ను వెతుక్కుంటూ ఏలూరు వచ్చారు. తండ్రి నాటి వ్యాపారం. తెల్లటి లుంగీ, ఇస్త్రీ చొక్కా, మాట చాలా మెత్తన.

"ఏవండీ, మా రోడ్డు మీద లారీలు లేవని రాశారంటండీ?"

"లేవని రాయలేదండీ. ఉన్నవి రాశాం."

"తప్పుగా అనుకోకండి. ఏ రోజుల్లో లెక్కపెట్టించారండీ?"

చెప్పాను. ఆయన వేళ్ళ మీద రోజులు లెక్కవేసుకున్నారు. తర్వాత, "రేపొకసారి మా వైపు రండి. మీకు టీ ఇప్పిస్తాను," అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన స్కూటరు వెనక కూచుని కలిదిండి చెరువుల మీదికి వెళ్ళాను. దారిలో ఎదురైన లారీలకు మేము నాలుగుసార్లు గట్టు దిగి నిలబడాల్సి వచ్చింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి, కొంతసేపటికి మానేశాను. 

ఒక చెరువు దగ్గర వలలేసి రొయ్యల పట్టుబడి చేస్తున్నారు. మోకాళ్ళ దాకా బురదలో నిలబడి ఉన్న రైతు నా మొహం చూసి, సంగతి విని, గట్టు కిందనుంచి ఏదో ఏరి నా అరచేతిలో పెట్టాడు. పలచగా, గాజు కాగితంలా ఉన్న రొయ్య పెంకు. లోపల రొయ్య లేదు.

"అమావాస్యకీ పున్నానికీ ఇలా పెంకు విడుస్తాయండి. కొత్త పెంకు గట్టిపడేదాకా రొయ్య మెత్తగా ఉంటాది. మెత్తటి రొయ్యని కంపినీవోడు కొనడు. అందుకని ఆ నాలుగైదు రోజులూ ఎవరం వల వెయ్యమండి."

"చంద్రుడికీ రొయ్యకీ ఏమిటయ్యా సంబంధం?" అన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది!

"ఏమోనండి. అది నన్నడిగి విడవదు కదండి," అన్నాడతను.

సంబంధం ఏమిటో స్కూటరు వెనక కూచుని నేనే కూడబలుక్కున్నాను. అమావాస్యకూ పున్నమికీ సముద్రం పోటు ఎక్కువ. ఆ పోటు, కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేట్లోకి ఎక్కుతుంది. ఆ నీళ్ళే చెరువుల్లోకి తోడతారు. సముద్రం నుంచి వచ్చిన ప్రాణికి ఆ లయ ఒంట్లోనే ఉంటుంది. ఇందులో దేవుడు లేడు, దెయ్యం లేదు, శాస్త్రమే ఉంది. ఆ శాస్త్రాన్ని ఇన్‌స్పెక్టరు గారు నాకు చెప్పబోతే, పంచాంగం పేరు వినగానే నేను నోరు మూయించాను. పట్టుబడి లేకపోతే రొయ్యల లారీ లేదు. రొయ్యల లారీ లేకపోతే ఐసు లారీ లేదు. దుకాణాలు మూసిన రోజున బజారుకెళ్ళి, ఈ ఊళ్ళో కొనేవాళ్ళే లేరని రాసుకొచ్చిన మేధావిని నేను.

సాయిబు గారు టీ ఇప్పించారు. "నాకు గేటు పెట్టినా పరవాలేదండీ. గుంతల్లో లారీ గంట ఆలస్యమైతే ఆ గంట ఐసు నీళ్ళయిపోతుంది. మా నాన్న గారు పెట్టిన ఫ్యాక్టరీని ఈ రోడ్డు కరిగించేస్తోంది. మీరు మళ్ళీ లెక్కపెట్టించగలరా?"

ఆఫీసుకు వచ్చి ఇన్‌స్పెక్టరు గారిని పిలిచాను.

"మీకు ముందే తెలుసా?"

"మా బావమరిదికి రెండెకరాల రొయ్యల చెరువుందండి."

"మరి చెప్పరేం?"

"చెప్పబోయానండి. మీరు ఉపన్యాసంలో ఉన్నారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మా గోష్ఠిలో మొదటి నియమం ఇది: ఎదుటివాడి మాట పూర్తిగా విను, దాన్ని వాడికంటే బాగా నువ్వే తిరిగి చెప్పు, అప్పుడే ఖండించు. పాతికేళ్ళు ఆ నియమాన్ని నేను ఇతరులకు బోధించాను. మూఢనమ్మకం అంటే పంచాంగం చేతిలో ఉండడం కాదు. ఎదుటివాడి చేతిలో పంచాంగం ఉంది కనక వాడి నోట్లో నిజం ఉండదని తీర్మానించుకోవడం కూడా మూఢనమ్మకమే. ఇంగ్లీషులో సంతకం పెట్టే మూఢనమ్మకం.

ఎస్.ఈ. గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సంతకం పెట్టిన లెక్క తప్పని మీరే అంటే మీకు మెమో వస్తుంది. పదోన్నతి జాబితాలో మీ పేరుంది, తెలుసా?"

"తెలుసండి."

"వచ్చే వారం కైకలూరులో సభ ఉంది. అభ్యంతరాలు విని రోడ్ల జాబితా పంపేస్తాను. ఎవరూ ఏమీ అనకపోతే అక్కడితో సరి." ఆయన నావైపు చూడకుండానే అన్నారు. "మీరు మాట్లాడాలనే నియమం ఏమీ లేదు."

నాకు దొరికిన తలుపు అది. ఆ వారమంతా ఆ తలుపు గడియ తీసే ఉంది.

సభ ఒక కల్యాణ మండపంలో జరిగింది. పెళ్ళివాళ్ళు వదిలేసిన బంతిపూల దండలు ఇంకా స్తంభాలకు వేలాడుతున్నాయి. లారీ యజమానులు ముందు వరసలన్నీ ఆక్రమించారు. వాళ్ళ పెద్ద, భారీ మనిషి, నన్ను చూడగానే లేచి దండం పెట్టాడు.

"రండి రండి! మా పాలిట దేవుడండీ మీరు. లారీలే లేవని తేల్చేశారు. గేటు బాధ తప్పింది. మీకు సన్మానం చేద్దామనుకుంటున్నామండీ!"

నవ్వులు, చప్పట్లు. వాళ్ళకు తెలుసు. ఆ మండపంలో ఉన్న ప్రతి ఒక్కరికీ లెక్క తప్పని తెలుసు. నా తప్పు వాళ్ళకు లాభం. నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ అంతగా మెచ్చుకోలేదు.

ఎస్.ఈ. గారు అభ్యంతరాలున్నాయా అని అడిగారు. ఎవరూ లేవలేదు. సాయిబు గారు వెనక వరసలో కూచుని నావైపే చూస్తున్నారు. అడగలేదు. తానే లేచి చెప్పొచ్చు, చెప్పలేదు. నాకు ఆ అవకాశం వదిలిపెట్టారని తర్వాత అర్థమైంది.

లేచాను. "నాకు అభ్యంతరం ఉందండీ. ఆ లెక్క తప్పు. చేసింది నేనే," అన్నాను.

అమావాస్య సంగతి మొత్తం చెప్పాను. ఇన్‌స్పెక్టరు గారిని నోరెత్తనివ్వలేదన్న ముక్క కూడా దాచలేదు. మండపమంతా పగలబడి నవ్వింది.

"అమావాస్య ఇంజనీరు గారూ!" అని ఎవరో అరిచారు. ఆ పేరు నాకు పదవీ విరమణ దాకా ఉండిపోయింది.

లారీల పెద్ద మొహం మాడింది. "ఏవండీ, డీజిలు పోయించిన ప్రతిసారీ పన్ను కడుతున్నాం కదా. బండి కొన్నప్పుడు కట్టాం. ఏటా కడుతున్నాం. మళ్ళీ గేటెందుకండీ? ఒక్క రోడ్డుకి ఎన్నిసార్లు కట్టాలి?"

చప్పట్లు. మంచి ప్రశ్న. ఈసారి నియమం తప్పలేదు నేను.

"మీరు అన్నదాన్ని ఇంకొంచెం గట్టిగా చెప్తానండీ," అన్నాను. "మీరు కట్టిన పన్ను ఎక్కడికి పోతుందో మీకెవరూ చెప్పలేదు. కట్టిందానికి తగ్గ రోడ్డు చూపించలేదు. అలాంటప్పుడు కొత్తగా అడిగే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిది? మీ ప్రశ్న ఇదే కదా?"

"అదేనండీ!" అన్నాడాయన, కొంచెం తడబడి.

"సబబే. అందుకే గేటులో తీసుకున్నది ఈ రోడ్డుకే ఖర్చవ్వాలి. ఎంత వచ్చిందో గేటు దగ్గరే బోర్డు మీద రాయాలి. అది మీరు అడగండి, మీ పక్కన నిలబడి నేనూ అడుగుతాను. ఇక నా మాట వినండి. పన్ను లీటరు మీద ఉంది. రోడ్డు విరిగేది లీటరుతో కాదు, బరువుతో. బండి మీద బరువు రెండింతలైతే రోడ్డుకు తగిలే దెబ్బ అంతకు ఎన్నో రెట్లు. మీరు ఇక్కడ అర ట్యాంకు కొట్టించి ఫుల్లు లోడు మోస్తున్నారు. చెరువుల మీద ఇంజన్లు పోయి మోటార్లు వచ్చాయి. డీజిలు ఇంకా తగ్గుతుంది, తగ్గాలి కూడా. దాని మీద ఆధారపడ్డ రోడ్డు దాంతోపాటే పోతుంది. వాడేవాడు వాడినంత కట్టడమే న్యాయం. స్కూటరు మీద పెళ్ళాం పిల్లల్ని తీసుకెళ్ళేవాడు మీ లోడు విరగ్గొట్టిన రోడ్డుకు ఎందుకు కట్టాలండీ?"

  అప్పుడు సాయిబు గారు లేచారు.

"నేనొక మాట చెప్తానండీ. ఈ రోడ్డుని బరువొక్కటే తినట్లేదు. మా ఐసు నీళ్ళు కూడా తింటున్నాయి. రుసుం ముందు మా బళ్ళకే వెయ్యండి. లారీ కింద నీళ్ళు పట్టే తొట్టి కట్టించుకున్నవాళ్ళకి తగ్గించండి. నా రెండు బళ్ళకీ నేను కట్టించేస్తానండీ."

లారీల పెద్ద వెనక్కి తిరిగి, "మీరు ఎవరి పక్షమండీ సాయిబు గారూ?" అన్నాడు.

"రోడ్డు పక్షమండీ. మీ లారీ కూడా దాని మీదే కదా నడిచేది," అన్నారాయన, అదే మెత్తని గొంతుతో.

ఎస్.ఈ. గారు కళ్ళజోడు పెట్టుకుని, లెక్క మళ్ళీ చెయ్యాలని మినిట్సులో రాయించారు. సభ అయ్యాక కారెక్కుతూ నాతో రెండే మాటలన్నారు. "మెమో తప్పదు." తలుపు వేసుకుంటూ, "బాగా మాట్లాడారు," అన్నారు. మొదటి మాట నిజమైంది. మెమో వచ్చింది. పదోన్నతి రెండేళ్ళు వెనక్కి పోయింది.

రెండోసారి లెక్క వారం కాదు, పదిహేను రోజులు చేశాం. అమావాస్య నుంచి పున్నమి దాకా. రొయ్య మెత్తబడ్డ రోజులూ గట్టిపడ్డ రోజులూ రెండూ అందులో పడ్డాయి. మొదటిసారి తక్కువ చూపించానని ఈసారి కావాలని ఎక్కువ చూపిస్తే అదీ అబద్ధమే అవుతుంది. ప్రతి కాగితం మీద తేదీ పక్కన తిథి కూడా రాయించాను. ప్రభుత్వ కాగితం మీద నా చేత్తో తిథి రాసే రోజొస్తుందని గోష్ఠి మిత్రులకు తెలిస్తే నన్ను వెలివేసేవారు. మా రోడ్డు హద్దు దాటింది. జాబితాలోకి ఎక్కింది.

రోడ్డు వెయ్యడానికి ఏడాదిన్నర పట్టింది. గట్టి పునాది, ఐసు నీళ్ళు జారిపోయేలా పక్కలకు వాలు. గేటు దగ్గర, మాటిచ్చినట్టే, రోడ్డు వైపు తిరిగిన నల్లబోర్డు. కొన్ని నెలలు అడిగి మరీ దాన్ని నింపించాను. లారీల పెద్ద ఆగినప్పుడల్లా అది చదివి, "కూడిక సరిగ్గానే ఉందా, అమావాస్య గారూ?" అనేవాడు. కానీ ఆగేవాడు, కట్టేవాడు. గుంతల్లో విరిగే కమాను పట్టీల ఖర్చు కంటే గేటే చవకని ఒకసారి నోరు జారి ఒప్పుకున్నాడు కూడా.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి నా జవాబు ఇదే. డీజిలు పోతుంది, పోనివ్వండి. దాని కోసం ఏడవకండి. రోడ్డును ఎవరు వాడుతున్నారో, ఎంత బరువుతో వాడుతున్నారో కొలవండి. కొలిచినంత అడగండి. అడిగింది ఎక్కడ ఖర్చయిందో బోర్డు మీద రాయండి. జనం కడతారు. కొలవడం మాత్రం, ఆ రోడ్డు పక్కన బతికేవాళ్ళను అడక్కుండా మొదలుపెట్టకండి.

గేటు మొదలుపెట్టే రోజు నిర్ణయించాల్సి వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టరు గారిని పిలిచి కుర్చీ వేయించాను. ఆయన కూచోలేదు.

"ఏ రోజు మొదలెడదామంటారు? ఈసారి మీరు చెప్పేదాకా నేను నోరెత్తను," అన్నాను.

ఆయన సంచిలోంచి పంచాంగం తీశాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. వేలితో గీతల వెంట కిందికి వెళ్ళి ఒకచోట ఆగాడు.

"అమావాస్య నాడు పెట్టండి సార్," అన్నాడు. "బళ్ళు తక్కువుంటాయి. గేటు దగ్గర కొత్తవాళ్ళకి పని అలవాటవుతుందండి."